బటన్ నొక్కితే ఎవరు పలుకుతారు: నగదు వాహనాల పరికరాల తనిఖీపై ప్రసంగ పాఠం

(మహబూబ్‌నగర్‌లో నగదు రవాణా సిబ్బందికి, బ్యాంకు క్యాష్ అధికారులకు జరిగిన ఒకరోజు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి రాతప్రతి)

సభలో ఉన్న డ్రైవర్లకు, నగదు బాధ్యత చూసే కస్టోడియన్లకు, సైన్యంలో పనిచేసి వచ్చి ఇప్పుడు గన్‌మెన్‌గా ఉన్న పెద్దలకు, బ్యాంకుల నుంచి వచ్చిన క్యాష్ అధికారులకు నమస్కారం. వారంలో దొరికే ఒక్క సెలవు రోజును ఈ తరగతికి ఇచ్చి వచ్చారు కనుక, మీకు పనికిరాని మాట ఒక్కటి కూడా చెప్పకూడదన్న జాగ్రత్తతోనే మాట్లాడతాను. నేను జడ్చర్లలో ఉంటాను. వాహనాలకు అవి ఎక్కడున్నాయో చూపే ట్రాకింగ్ పరికరాలు, వైర్‌లెస్ సెట్లు బిగించడం, ఇతరులు బిగించినవాటిని తనిఖీ చేయడం చాలా ఏళ్లుగా నా పని. ఈ మధ్య కాలంలో నా దగ్గరికి వచ్చే వాహనాల్లో క్యాష్ వ్యాన్లే ఎక్కువ.

ముందుగా ఒక వ్యాన్ సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట, వానలు మొదలైన రోజుల్లో, నల్లగొండ జిల్లాలో తిరిగే ఒక క్యాష్ వ్యాన్‌ను తనిఖీ చేయమని నన్ను పిలిచారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. రిజిస్టర్ తెరిచి చూస్తే మూడు నెలలుగా ప్రతి రోజూ ట్రాకర్, ఆపదలో నొక్కే ప్యానిక్ బటన్, గట్టిగా మోగే హూటర్, కెమెరా గడులన్నింటిలో వరుసగా టిక్కులు ఉన్నాయి. కంట్రోల్ రూమ్ మ్యాప్ మీద వ్యాన్ చక్కగా కనబడుతోంది. స్టీరింగ్ కింద ఉన్న ప్యానిక్ బటన్‌ను నొక్కమని డ్రైవర్‌ను అడిగాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, ఏమీ మాట్లాడకుండా నొక్కాడు. కంట్రోల్ రూమ్‌లో ఏమీ మోగలేదు. డ్యాష్‌బోర్డు కింది ప్లాస్టిక్ పలక ఊడదీసి చూస్తే, బటన్ నుంచి వచ్చే రెండు వైర్ల కొసలు దేనికది నల్ల టేపు చుట్టి, ఒకదానికొకటి తగలకుండా, ఎంతో శ్రద్ధగా పక్కకు మలిచి ఉన్నాయి. అది తెగిపోయిన వైరు కాదు, ఎవరో పనిగట్టుకుని విడదీసిన వైరు. అప్పుడు ఆ డ్రైవర్ చెప్పిన మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "నేనే తీసేసిన సార్. గుంతల దారిల మోకాలు తగిలి రెండుసార్లు మోగింది. మోగినప్పుడల్లా ఆఫీసోళ్లు ఫోన్ జేసి తిట్టిండ్రు. ఇంకోసారి మోగితే జీతంల కోస్తమన్నరు."

అంత నగదు వెంట పెట్టుకుని, ఐదుగురు మనుషులు, నెలల తరబడి ఆ బటన్ లేకుండానే ఊళ్లు తిరిగారు. ఆ డ్రైవర్‌ను నేను తప్పుపట్టలేను. వైరు విప్పింది ఆయన చేయి కావచ్చు గాని, విప్పించింది ఫోన్‌లో తిట్టినవారే. ఇక రిజిస్టర్‌లో టిక్కు పెట్టిన మనిషి బటన్‌ను చూశాడే తప్ప నొక్కలేదు, ఒకవేళ నొక్కినా అవతలి వైపు ఎవరైనా పలికారా అని అడగలేదు. ఇవాళ నేను మీ ముందు పెట్టదలచుకున్న మాట ఇదొక్కటే: వ్యాన్‌లో ఉన్న మనిషి, కంట్రోల్ రూమ్‌లో ఉన్న మనిషి ఇద్దరూ ఒకే సంఘటనను, ఒకే సమయంతో, ఎవరికి వారు రాసుకున్నప్పుడే తనిఖీ జరిగినట్టు. ఒక వైపు రాత మాత్రమే ఉంటే అది తనిఖీ కిందికి రాదు.

నియమాలు మీలో చాలామందికి తెలుసు కనుక పరికరాలకు సంబంధించినంత వరకే క్లుప్తంగా గుర్తుచేస్తాను. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న బ్యాంకులకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం నగదు వాహనంలో మనుషుల గది, నగదు గది వేరువేరుగా ఉండాలి, రెండింటినీ కెమెరాలు చూస్తుండాలి, డ్రైవర్‌తో పాటు ఇద్దరు కస్టోడియన్లు, ఇద్దరు సాయుధ గన్‌మెన్ ఉండాలి. వాహనానికి జీపీఎస్ ఉండి, దాన్ని ఎప్పటికప్పుడు గమనిస్తూ, దారి పొడవునా జియోఫెన్సింగ్‌తో (మ్యాప్ మీద దారికి గీత గీసి, అది దాటితే హెచ్చరిక వచ్చే ఏర్పాటుతో) పాటు దగ్గరలోని పోలీస్ స్టేషన్ ఏదో కూడా తెలిసేలా ఉండాలి. ట్యూబ్‌లెస్ టైర్లు, మొబైల్ సంబంధం, హూటర్ కూడా తప్పనిసరి. అదే సంవత్సరం ఆగస్టు 8న కేంద్ర హోం శాఖ నగదు రవాణా చేసే ప్రైవేటు భద్రతా సంస్థలకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. క్యాబిన్‌లో ముందు, వెనుక, లోపల కలిపి కనీసం మూడు కెమెరాలు, కనీసం ఐదు రోజుల రికార్డింగ్, సెల్ నెట్‌వర్క్ మీద తనంతట తానే కాల్ చేసే జీఎస్ఎం ఆటో డయలర్, సైరన్ వాటిలో ఉన్నాయి. ఒక ట్రిప్పులో 5 కోట్ల రూపాయలకు మించి తీసుకువెళ్లకూడదని, గ్రామీణ ప్రాంతాల ఏటీఎంలలో సాయంత్రం 6 తర్వాత నగదు నింపకూడదని కూడా అందులోనే ఉంది. ఇవన్నీ ఏమేమి ఉండాలో చెబుతాయి. ఉన్నది పలుకుతోందో లేదో చూసుకోవలసినది మనమే.

ఇప్పుడు ట్రాకర్ దగ్గరికి వద్దాం. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. మన దేశపు నావిక్ ఉపగ్రహాలు ఇంకా పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అంత దూరం నుంచి వచ్చే సంకేతం మన వ్యాన్ పైకప్పును చేరేసరికి ఎంత బలహీనపడుతుందంటే, నడుమ ఒక్క ఇనుప రేకు అడ్డుపడినా అది నేరుగా లోపలికి రాదు. పరికరం తానున్న చోటును, సమయాన్ని లెక్కగట్టాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు ఒకేసారి అందాలి. మామూలు కారులో డ్యాష్‌బోర్డు కింద ట్రాకర్ పెట్టినా అద్దంలోంచి సంకేతం ఎలాగోలా అందుతుంది. క్యాష్ వ్యాన్ అలాంటిది కాదు. దొంగల నుంచి కాపాడాలని మనం దాని చుట్టూ ఇనుము బిగిస్తాం, ఆ ఇనుమే ఉపగ్రహాన్ని, సెల్ టవర్‌ను కూడా బయటే నిలబెడుతుంది. ఈ పనిలో తిరకాసు అంతా ఇక్కడే ఉంది. ఎవరికీ కనబడకూడదని ట్రాకర్‌ను లోపల దాచాలి, ఆకాశానికి మాత్రం కనబడుతూ ఉండాలి. అందుకని పరికరాన్ని లోపలే పెట్టి, యాంటెన్నాను మాత్రం ఇనుము లేని ఫైబర్ లేదా ప్లాస్టిక్ భాగం కింద, ముఖం పైకి ఉండేలా బిగించాలి. ఇనుప పైకప్పుకు లోపలి వైపు అతికించి, పైన మ్యాటు కప్పేసిన యాంటెన్నాలు నేను చాలా చూశాను. అలాంటి వ్యాన్ మ్యాప్ మీద కనబడదని కాదు, కనబడుతుంది. కాకపోతే ఒక వీధిలో ఆగి ఉన్నది పక్క వీధిలో ఉన్నట్టు, నిలబడి ఉన్నది గంటకు పది కిలోమీటర్ల వేగంతో కదులుతున్నట్టు చూపిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద చదువు అవసరం లేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఏదో ఒక కిలోమీటరు రాయి పక్కన వ్యాన్‌ను సురక్షితంగా ఆపండి. కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి, మీరు ఎక్కడున్నారో చెప్పకుండా, మ్యాప్ మీద వ్యాన్ ఎక్కడ కనబడుతోందో వాళ్లనే చెప్పమనండి. రోడ్డుకు ఏ పక్క ఉన్నారో, ఏ మలుపు దాటారో వాళ్లే చెప్పాలి. మీరు ముందే చెప్పేస్తే వాళ్లు అవునంటారు, అది మనిషి స్వభావం. ఈ పరీక్షను డబ్బు లేని ట్రిప్పులోనే చేయాలి, నగదు లోపల ఉండగా రోడ్డు పక్కన ఆగి పరీక్షలు చేయడం ఎంతమాత్రం తగదు.

ఇంకో పరీక్ష కూడా చెబుతాను. వ్యాన్ తలుపులన్నీ మూసి, ఒక మనిషి ముందు గదిలో, ఒక మనిషి నగదు గదిలో కూర్చుని, ఎవరి ఫోన్ నుంచి వారు కంట్రోల్ రూమ్‌కు కాల్ చేయాలి. ఊపిరాడని చోటు కనుక నగదు గదిలో మనిషిని ఒకటి రెండు నిమిషాలకు మించి ఉంచకూడదు, బయట తాళం చేత పట్టుకుని మరొకరు నిలబడాలి. చాలా వ్యాన్లలో నగదు గది నుంచి కాల్ పోదు. ఆ సంగతి తెలిసి ఉండడం, అవసరం పడ్డ రోజున మొదటిసారి తెలుసుకోవడం, ఈ రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో వేరే చెప్పనక్కరలేదు. తెలిస్తే లోపలి గదిలో వైరుతో కలిపిన కాలింగ్ బటన్ పెట్టించుకుంటాం, లేదా బయటి యాంటెన్నాకు కలిపిన స్థిరమైన ఫోన్ సెట్ అడుగుతాం.

సెల్ సంకేతం గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి. శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారిలో మన్ననూరు దాటాక నల్లమల మొదలవుతుంది. దోమలపెంట చేరేదాకా ఫోన్ సంకేతం చాలాచోట్ల అందదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు పులుల అభయారణ్యంలో రాకపోకలే ఆపేస్తారు కనుక ఆ దారిలో మన పని పగటిపూటే. దేవరకొండ దాటి చందంపేట వైపు గుట్టల్లోనూ ఇదే తంతు. ఎవరు ఏ రోజు ఏ దారిన వెళ్తారన్నది ఇలాంటి సభలో మాట్లాడకూడని విషయం కనుక, అందరికీ తెలిసిన రోడ్ల పేర్లు మాత్రమే చెబుతున్నాను.

సంకేతం లేనిచోట మంచి ట్రాకర్ తన జాడను లోపలే దాచుకుంటుంది, సంకేతం దొరకగానే దాచుకున్నదంతా పంపేస్తుంది. బస్సులు, ట్యాక్సీల వంటి ప్రజా రవాణా వాహనాల కోసం తెచ్చిన ఏఐఎస్-140 ప్రమాణంలో ఇలా 40,000 నమోదుల వరకు దాచుకునే శక్తి ఉండాలని ఉంది. అది నేరుగా క్యాష్ వ్యాన్ల కోసం రాసినది కాకపోయినా, కొత్త పరికరం కొనేటప్పుడు దాన్ని కనీస కొలతగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. తనిఖీలో చూడవలసినదేమిటంటే, సంకేతం లేని దారి దాటి వచ్చిన తర్వాత మ్యాప్ మీద ఆ ముక్క చుక్కలు చుక్కలుగా నిండిందా, లేక ఒక కొస నుంచి ఇంకో కొసకు తిన్నగా గీత గీసినట్టు ఉందా అన్నది. తిన్నని గీత ఉందంటే పరికరం ఏమీ దాచుకోలేదన్నమాట. గుట్టల నడుమ రోడ్డు ఎక్కడా తిన్నగా ఉండదు కదా.

దాచుకోవడం వల్ల తర్వాత తెలుస్తుంది గాని, ఆ క్షణంలో తెలియదు. కాబట్టి కంట్రోల్ రూమ్ దగ్గర సంకేతం పోయే చోట్ల పట్టిక ఉండాలి. ఎక్కడ పోతుంది, మామూలుగా ఎన్ని నిమిషాలకు తిరిగి వస్తుంది అన్నది మీ డ్రైవర్లే చెప్పగలరు, వాళ్లకు ప్రతి మలుపూ తెలుసు. లోపలికి వెళ్లే ముందు ఒక కాల్, బయటికి రాగానే ఒక కాల్, నడుమ పట్టే సమయం దాటితే వెంటనే అవతలి వైపు పోలీస్ స్టేషన్‌కు సమాచారం. అడవిలో వ్యాన్ నుంచి సంకేతం అందకపోవడం మామూలు విషయం, మిర్యాలగూడ నడిబొడ్డున అందకపోతే అది మామూలు విషయం కాదు. ఊరి మధ్యలో, నాలుగు టవర్లున్న చోట, జీపీఎస్, ఫోన్ రెండూ ఒక్కసారే పోయాయంటే దగ్గర్లో ఎవరో జామర్ వాడుతున్నారేమోనని అనుమానించాలి. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ గాని, జీపీఎస్‌ను అడ్డుకునే పరికరం గాని వాడడం చట్టవిరుద్ధం. అలాంటప్పుడు కంట్రోల్ రూమ్ ఉద్యోగి మ్యాప్ మళ్లీ వస్తుందిలే అని కూర్చోకూడదు.

సిమ్ గురించి ఒక్క మాట. నేను చూసిన ట్రాకర్ వైఫల్యాల్లో సిగ్గుపడాల్సినంత చిన్న కారణం ఇదే: రీఛార్జి గడువు ముగియడం. ట్రాకర్లలో వేసే సిమ్‌లకు 13 అంకెల నంబర్లుంటాయి, అవి ఎవరి జేబులోని ఫోన్‌లోనూ ఉండవు కనుక గడువు ముగుస్తోందన్న సందేశం ఎవరికీ కనబడదు. ఆ తేదీని వ్యాన్ ఇన్సూరెన్స్ తేదీ పక్కనే రాసిపెట్టుకోండి. వీలైతే రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పట్టే పరికరం తీసుకోండి.

ఇక కరెంటు. ట్రాకర్‌కు వ్యాన్ బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. ఆ వైరు ఊడినా లోపలి చిన్న బ్యాటరీతో కొంతసేపు బతకాలి, కరెంటు పోయిందని కంట్రోల్ రూమ్‌కు వెంటనే చెప్పాలి. ఏఐఎస్-140లో ఈ లోపలి బ్యాటరీ కనీసం 4 గంటలు పనిచేయాలని ఉంది. నల్లగొండలో మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? 45 డిగ్రీల ఎండలో, నీడ లేని బ్యాంకు ఆవరణలో, ఇనుప వ్యాన్ మూసి ఉంటే లోపల ఎంత వేడెక్కుతుందో చేయి పెట్టి చూసినవారికే తెలుసు. ఆ వేడిని లిథియం బ్యాటరీ తట్టుకోలేదు. రెండు వేసవులు గడిచిన బ్యాటరీని నేను నమ్మను. ఒకసారి వనపర్తి వైపు నుంచి వచ్చిన వ్యాన్‌లో ట్రాకర్ మూత తీస్తే లోపలి బ్యాటరీ పూరీలా ఉబ్బి, మూతను తన్నుకుని ఉంది. బయట చిన్న పచ్చ దీపం మాత్రం హాయిగా వెలుగుతోంది, ఎందుకంటే అది వ్యాన్ బ్యాటరీతో వెలుగుతోంది. ఫ్యూజు తీశాను. కంట్రోల్ రూమ్‌తో ఫోన్‌లోనే ఉన్నాను. దీపం ఆ క్షణమే ఆరిపోయింది, అవతలి వైపు ఏ హెచ్చరికా రాలేదు. వాళ్ల మ్యాప్ మీద వ్యాన్ బొమ్మ మాత్రం చివరిసారి ఉన్న చోటే, అదే రంగులో, ఏమీ జరగనట్టు నిలబడి ఉంది. నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే. సంకేతం ఆగిపోయి ఎంతసేపైందో తెర మీద పెద్ద అక్షరాలతో చూపించని సాఫ్ట్‌వేర్‌ను నగదు వాహనాలకు వాడకూడదు. తనిఖీ చేసేవారు వ్యాన్‌ను మాత్రమే కాక ఆ తెరను కూడా తనిఖీ చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కాబట్టి నెలకోసారి, షెడ్డులో, డబ్బు లేనప్పుడు, ఫ్యూజు తీసి గడియారం చూసుకోండి. హెచ్చరిక ఎన్ని సెకన్లకు చేరింది, లోపలి బ్యాటరీ ఎంతసేపు నిలిచింది, రెండూ రాయండి. పోయిన నెల నాలుగు గంటలు నిలిచింది ఈ నెల రెండున్నర గంటలకే ఆగిపోతే, వచ్చే నెలదాకా ఆగకుండా మార్చేయాలి.

ఆటో డయలర్ సంగతి వినండి. బటన్ నొక్కగానే అది ముందే పెట్టిన నంబర్లకు వరుసగా కాల్ చేస్తుంది. పరికరంలో లోపం చాలా అరుదు. లోపం ఉండేది నంబర్లలో. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వచ్చాయి, షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయింది, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా వేరైంది. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పోలీస్ పరిధులు, అధికారులు, నంబర్లు మారాయి. అయినా ఆ తర్వాత చాలాకాలానికి కూడా, గద్వాల వైపు తిరిగే ఒక వ్యాన్‌లోని డయలర్ మొదటి కాల్‌ను పాత జిల్లా కాలం నాటి ఒక అధికారి సొంత ఫోన్‌కు పంపడం నేనే చూశాను. పరీక్షకని బటన్ నొక్కితే ఆయన ఎంతో మర్యాదగా, "నేను ఆ స్టేషన్ విడిచి నాలుగేళ్లయిందండీ, ఏం జరిగింది?" అని అడిగారు. ఆయన ఫోన్ ఎత్తడమే మన అదృష్టం. మనుషుల సొంత నంబర్లు పెట్టకండి, పదవితో పాటు చేతులు మారే స్టేషన్ నంబర్లు, మీ కంట్రోల్ రూమ్ నంబరు పెట్టండి. వ్యాన్ దారిలో ఉన్న ప్రతి స్టేషన్ నంబరునూ ఏడాదికి రెండుసార్లు స్వయంగా కాల్ చేసి సరిచూసుకోండి. పరీక్ష చేసే ముందు ఆ స్టేషన్‌కు చెప్పండి. 112 నంబరుకు మాత్రం పరీక్ష కోసం ఎప్పుడూ కాల్ చేయకండి, ఆ నిమిషంలో నిజంగా ఆపదలో ఉన్న ఎవరి కాల్‌కైనా అది అడ్డుపడవచ్చు.

జియోఫెన్సింగ్ విషయంలో రెండు నియమాల మధ్య ఒక ఇబ్బంది కనబడుతుంది. దారి, సమయం రోజూ ఒకేలా ఉండకూడదని రిజర్వు బ్యాంకు చెబుతుంది. గీసిన గీత దాటితే హెచ్చరిక రావాలనీ అంటాం. గీత ఒక్కటే గీస్తే, డ్రైవర్ దారి మార్చిన ప్రతిసారీ హెచ్చరిక మోగుతుంది, ఆ మోత భరించలేక ఎవరో ఒకరు దాన్ని ఆపేస్తారు. మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేటకు దేవరకద్ర, మరికల్ మీదుగా పోవచ్చు, కోయిల్‌కొండ వైపు నుంచీ పోవచ్చు. వెళ్లగలిగే దారులన్నీ ముందే గీసి ఉంచి, ఆ రోజు బయలుదేరే ముందు అందులో ఒకదాన్ని కంట్రోల్ రూమ్ ఎంచుకోవాలి. తనిఖీలో ఒకసారి కావాలనే, ఖాళీ వ్యాన్‌తో, గీత దాటి చూడండి. ఎవరైనా ఫోన్ చేసి అడుగుతారా, ఎంతసేపటికి అడుగుతారు? ఐదు నిమిషాలు దాటినా ఎవరూ అడగకపోతే లోపం గీతలో లేదు, తెర ముందు కుర్చీలో ఉంది.

కెమెరాల విషయంలో నేను చూసిన తప్పు ఎప్పుడూ ఒకటే. తనిఖీకి వచ్చినవారు తెర మీద ఆ క్షణపు బొమ్మ చూసి బాగుందంటారు. రికార్డు అవుతోందా అన్నది వేరే ప్రశ్న. ఐదు రోజుల కిందటి తేదీ, ఒక గంట మీరే ఎంచుకుని, ఆ దృశ్యం తీసి చూడండి. మన గ్రామీణ రోడ్ల కుదుపుకు హార్డ్ డిస్కులు తొందరగా పాడవుతాయి. దృశ్యం దొరికితే దాని మీద తేదీ, సమయం చూడండి. కెమెరా దృశ్యాలు దాచే డీవీఆర్‌లోని చిన్న గుండీ బ్యాటరీ అయిపోతే గడియారం ఎన్నో ఏళ్ల వెనక్కి పోతుంది. జీపీఎస్ సమయాన్ని మన సమయంగా మార్చకుండా వదిలేస్తే ఐదున్నర గంటల తేడా వస్తుంది, మధ్యాహ్నం మూడింటికి జరిగినది ఉదయం తొమ్మిదిన్నరకు జరిగినట్టు కనబడుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందు పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి. గడియారం తప్పున్న రికార్డు మీద సంతకం పెట్టవలసి వచ్చిన అధికారి పరిస్థితి ఒకసారి ఊహించండి. ట్రాకర్, డీవీఆర్, కంట్రోల్ రూమ్, మీ చేతి గడియారం నాలుగూ ఒకే నిమిషం చూపించాలి.

ఇంత చేసినా వ్యాన్ మీద ఉన్న పరికరం వ్యాన్‌ను మాత్రమే చూస్తుంది. 2016 నవంబరులో బెంగళూరులో ఒక నగదు వాహనాన్ని డ్రైవరే 1.37 కోట్ల రూపాయలతో తీసుకుపోయాడు. వాహనం అదే నగరంలో దొరికింది, అందులో మిగిలింది కొంత డబ్బే. 2019 మే నెలలో వనస్థలిపురంలో ఏటీఎం దగ్గర సిబ్బంది దృష్టి మళ్లించి 58 లక్షలకు పైగా ఉన్న పెట్టెను ఎత్తుకుపోయారు. 2025 జనవరి 16న బీదర్‌లో, పట్టపగలు, బ్యాంకు ముందే, మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు కాల్పులు జరిపి, సిబ్బందిలో ఒకరి ప్రాణం తీసి, నగదు పెట్టెతో పారిపోయారు.  వనస్థలిపురం, బీదర్ ఘటనల్లో వ్యాన్ ఎక్కడుందన్నది అసలు ప్రశ్నే కాదు. ఆపద అంతా వ్యాన్ తలుపు నుంచి బ్యాంకు గడప దాకా ఉన్న ఆ పదిపదిహేను అడుగుల్లో ఉంది. అందుకే పెట్టెలో విడిగా ఒక చిన్న ట్రాకర్ ఉండాలని, కస్టోడియన్ నడుముకు తగిలించుకునే వైరు లేని బటన్ ఉండాలని, నగదు గది తలుపు తెరిచినప్పుడల్లా కంట్రోల్ రూమ్‌కు తెలియాలని నేను కోరుతున్నాను. ఇనుప ట్రంకు పెట్టెలో పెట్టిన ట్రాకర్ మూత వేశాక కూడా పలుకుతోందా అని చూడడం మరిచిపోకండి. ఆ వైరు లేని బటన్ బ్యాంకు లోపలి నుంచి, ఏటీఎం గది లోపలి నుంచి అందుతుందో లేదో కూడా ఒక్కో చోటుకు వెళ్లి చూడవలసిందే.

ఇంజన్‌ను దూరం నుంచి ఆపే పరికరం ఉన్న వ్యాన్లు ఉన్నాయి. దాన్ని షెడ్డులో, నిలబడి ఉన్న వ్యాన్ మీద, చక్రాలకు అడ్డు పెట్టి మాత్రమే పరీక్షించండి. పరుగెత్తుతున్న వ్యాన్ ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు సాయం తగ్గుతుంది.

(ఇక్కడ ఒక బ్యాంకు అధికారి, ఇన్ని పరీక్షలు రోజూ చేస్తే వ్యాన్ ఎప్పుడు కదలాలని అడిగారు.)

న్యాయమైన ప్రశ్న, సార్. రోజూ చేయవలసినవి నాలుగే: బటన్ నొక్కి కంట్రోల్ రూమ్ గొంతు వినడం, హూటర్ ఒక్క క్షణం మోగించడం, మ్యాప్ మీద వ్యాన్ ఎక్కడుందో వాళ్ల నోట చెప్పించడం, గడియారాలు సరిచూడడం. నేను గడియారం పెట్టి కొలిచాను, అలవాటైన సిబ్బందికి ఆరు నిమిషాలు పడుతుంది. ఫ్యూజు, పాత దృశ్యం, గీత దాటడం నెలకోసారి. నంబర్లు ఆరు నెలలకోసారి. డీజిల్ పోయించడానికి పట్టే సమయంలో రోజువారీ పరీక్ష అయిపోతుంది. చెస్ట్ (బ్యాంకు నగదు నిల్వ ఉంచే చోటు) నుంచి నగదు మొదటి పూటలోనే తీసుకోవాలి కనుక తొందర ఉంటుందని నాకు తెలుసు. ఆ ఆరు నిమిషాలూ నగదు ఎక్కించే ముందే పెట్టుకోండి.

(పొరపాటున బటన్ తగిలి మోగితే ఏం చేయాలని ఒక డ్రైవర్ అడిగారు.)

అన్నా, మీరు అడిగినది ఇవాళ్టి ప్రశ్నలన్నింటిలో పెద్దది. మొదట, బటన్ మోకాలికి తగిలే చోట బిగించినది మా తప్పు. చిన్న గోడలాంటి అంచు ఉన్న బటన్ పెట్టించమని అడగండి, అడిగే హక్కు మీకుంది. రెండోది, పొరపాటున మోగినప్పుడు కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వస్తుంది. మీరు మామూలుగా మాట్లాడితే చాలదు, ముందే అనుకున్న మాట ఒకటి చెప్పాలి. ఎందుకంటే తల మీద తుపాకీ పెట్టించుకున్న మనిషి కూడా "ఏం లేదు, పొరపాటున తగిలింది" అనే చెబుతాడు. అంతా క్షేమమని చెప్పడానికి ఒక మాట, ఆపదలో ఉన్నానని ఎవరికీ తెలియకుండా చెప్పడానికి ఇంకో మాట, రెండూ ఉండాలి, అవి మారుతూ ఉండాలి, ఐదుగురికీ తెలిసి ఉండాలి. మూడోది మీ అధికారులకు చెబుతున్నాను. పొరపాటున మోగిన ప్రతి బటన్‌ను ఒక పరీక్షగా రిజిస్టర్‌లో రాయండి, ఎన్ని సెకన్లకు కాల్ వెళ్లిందో రాయండి, ఆ డ్రైవర్‌కు ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేయండి. దయచేసి తిట్టకండి. జీతంలో కోస్తే రేపటి నుంచి ఆ వ్యాన్‌లో బటన్ ఉండదు, నల్ల టేపు ఉంటుంది.

బయట ఆవరణలో ఒక ఖాళీ వ్యాన్ ఉంచాం. ఇందాక చెప్పిన డ్రైవర్ కూర్చున్నట్టే మీలో ఒకరు స్టీరింగ్ ముందు కూర్చుంటారు, ఇద్దరు నా ఫోన్ పట్టుకుని కంట్రోల్ రూమ్‌తో మాట్లాడతారు, మిగతావారు గడియారాలు చూసుకుంటారు. స్థానిక స్టేషన్‌కు పొద్దున్నే చెప్పి వచ్చాను. ఫ్యూజు ఎక్కడుంటుందో ముందు మీరే వెతకండి, నేను చూపించను. రిజిస్టర్, పెన్ను వెంట తెచ్చుకోండి.